మూతపొర

పద్దెనిమిదో గుర్తు దగ్గర నూకరత్నం ఆగింది. కొండచరియ నుంచి గోరంత నల్లరాయి గిల్లి నోట్లో వేసుకుంది. పంటికి ఇసుక తగల్లేదు. నాలుకకు జిగటగా అంటుకుంది.

"బంకమట్టి. నిశ్చలజలం," అంది.

భుజం మీది స్తరిణి, రాతి పొరలు చదివే యంత్రం, ఆ మాటను తన పాఠంతో పోల్చుకుని ఆకుపచ్చగా వెలిగింది.

గుల్లదీవి తీరాన, రాయిని చదివే పాఠకురాలికి ఏటా ఒకసారి ఈ నడక తప్పదు. అవతలి ఒడ్డు నగరాల పొగనంతా గొట్టాల్లో తెచ్చి ఈ దీవి అడుగున పూడుస్తున్నారు. అది పైకి రాకుండా ఆపుతున్నది ఈ మూతపొర ఒక్కటే. ఎనిమిది కోట్ల ఏళ్ల కిందటి సరస్సు అడుగు బురద. అదెక్కడా తెగలేదని యంత్రం, మనిషి ఇద్దరూ చెబితేనే పంపులు మరో ఏడాది నడుస్తాయి. వాటి అదురు దీవిలో ఎక్కడ నిలబడ్డా పాదాలకు తెలుస్తూనే ఉంటుంది.

"మా మేకలు మూడు సచ్చిపోనాయమ్మా, ఆ పల్లంలో," అంది ఒడ్డు వెంటే పడవ నడిపే గవరమ్మ. "దెబ్బ నేదు, రోగం నేదు. పడుకున్నవి పడుకున్నట్టే."

"ఎప్పుడు?"

"మొన్న గాలి ఆడనప్పుడు."

ఆ పల్లం ఇరవైమూడో గుర్తు వెనకే ఉంది. వాళ్లు అక్కడికి చేరేసరికి పర్యవేక్షకుడు చక్రపాణి ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఏడేళ్లలో ఆయన తీరానికి దిగడం నూకరత్నం ఎన్నడూ చూడలేదు.

"ఇక్కడ నేను చూశానమ్మా. బాగానే ఉంది. సమ్మతం చెప్పేయ్."

ఆమె నోరు తెరవకముందే స్తరిణి ఆకుపచ్చగా వెలిగింది. రాయి నల్లగానే ఉంది. కానీ అందులోని చారలు దువ్వెనతో గీసినట్టు సమానంగా ఉన్నాయి. ఏ సరస్సూ అన్నేళ్లు ఒకేలా బతకదు. గిల్లితే రాలేదు. ఆమె వంగి నాలుక ఆనించింది. అంటుకోలేదు, జారింది.

"ఇది రాయి కాదు సార్, పూత. వెనక ఏముంది?"

చక్రపాణి ఆమె ముఖం చూడలేదు. "నువ్వు కాదంటే స్తరిణి దాన్ని మనిషి పొరపాటని రాసుకుంటుంది. రేపు ఇంకొకరు వచ్చి అవునంటారు. ఉద్యోగం పోగొట్టుకోకు."

అదీ నిజమే. చరియకు ఇనుము తగిలిస్తే జైలు. పాఠకులకు సుత్తి కూడా ఇవ్వరు.

"గవరమ్మా, నీ లంగరు ఇలా ఇయ్యి."

గవరమ్మ పడవలోంచి లంగరు తెచ్చిచ్చింది. మొదటి దెబ్బకు పూత బీటలు వారింది. చక్రపాణి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు నిలువెత్తు పెచ్చు ఊడిపడింది. వెనక పసుపుపచ్చ ఇసుక, గులకరాళ్లు. సరస్సు ఎండాక ఏదో నది ఆ బురదను అడుగు దాకా కోసుకుంటూ పారింది. ఆ ఇసుకలోంచి పుల్లటి ఘాటు ముక్కుకు కొట్టింది.

స్తరిణి వెలుగు ఆరిపోయింది.

"మూతపొర తెగింది. నదీగర్భం," అంది యంత్రం. "మీ పాఠం?"

"నది," అంది నూకరత్నం.

గవరమ్మ తన పాదాలకేసి చూసుకుంది. "ఏటమ్మా, నేల అదరడం మానేసింది?"

"పల్లంలో ఇళ్లున్నాయా?"

"మాయే, తొమ్మిది."

"పరిగెత్తు. ఈ పొగ గాలికన్నా బరువు, పల్లంలోకే దిగుతుంది. అందర్నీ మెట్ట ఎక్కించు."

గవరమ్మ పరిగెత్తింది. ఒక్క క్షణం తటపటాయించి, చక్రపాణి కూడా ఆమె వెనకే పరిగెత్తాడు.