నారింజ జాకెట్ దిగింది

మొదటిసారి ఆమె నా షాపులోకి వచ్చినప్పుడు తల కనబడలేదు. నారింజ రంగు జాకెట్ ఒకటి రెండు కాళ్లతో నడుచుకుంటూ వచ్చి, నా కుట్టుమిషన్‌ని గుద్దుకుని ఆగింది.

"ఇక్కడ టైలర్ ఎవరు?" అంది జాకెట్.

"నేనేనండీ."

"నిన్న మావాళ్లు పంపిస్తే దీనికి జిప్పు వేసిన మహానుభావుడివి నువ్వేనా?"

"నేనే. ఊడి రాదని గ్యారంటీ కూడా ఇచ్చాను."

"ఊడి రావట్లేదు. అదే నా బాధ. మెడ దగ్గర ఇరుక్కుంది. తల మీంచి లాగేద్దామంటే సగంలో ఆగిపోయింది. గోడలు తడుముకుంటూ ఇక్కడిదాకా వచ్చాను."

"అయితే కత్తెర వెయ్యాలండీ."

"దేనికి?" గొంతు కాస్త తగ్గింది.

"కంగారు పడకండి, జాకెట్‌కే."

కుట్టు విప్పగానే ముఖం బయటికొచ్చింది. నుదుటికి అంటుకున్న జుట్టు, కోపంతో ఎర్రబడ్డ ముక్కు. జిప్పు ఊడింది, దాంతోపాటు నా మతి కూడా పోయింది. ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి, జాకెట్ మిషన్ మీద పారేసి వెళ్లిపోయింది. ఆ నాలుగూ నాకు మళ్లీ వినాలనిపించింది.

మాదేం పెద్ద షాపు కాదు. మంచుకొండ కింద ఒక లాడ్జి, దాన్ని ఆనుకుని ఒక గది, గదిలో నేనూ నా మిషనూ. దేశం కాని దేశం వచ్చి మరీ కొండలెక్కే సరదా ఉన్నవాళ్లంతా ఆ లాడ్జిలో దిగుతారు. వాళ్ల చిరిగిన టెంట్లు, తెగిన బ్యాగు పట్టీలు, మొండికేసిన జిప్పులు నా దగ్గరికొస్తాయి. లాడ్జి పెద్దాయనది. ఒకప్పుడు ఆయన గైడు. మోకాలు మొరాయించాక కిటికీ దగ్గర టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు జట్టుకి ముందు ఆయన తమ్ముడు నడుస్తాడు, అందరికంటే వెనక కూతురు నడుస్తుంది. అందుకే ఆమెని తోక అంటారు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం వాళ్ల బాబాయ్ ఒక్కడికే ఉంది.

చివర నడిచే మనిషికే నారింజ జాకెట్. ఇంకెవరూ ఆ రంగు వేసుకోకూడదు, వేసుకున్న మనిషి విప్పకూడదు. అది పెద్దాయన పెట్టిన కట్టుబాటు. కొండ మలుపులో నారింజ జాకెట్ కనబడిందంటే అందరూ దిగినట్టే. మంచు కమ్మిన రోజుల్లో లాడ్జి ముందున్న ఇనుప గంట ఆపకుండా కొడతారు. దారి కనబడనివాళ్లు ఆ చప్పుడు పట్టుకుని దిగుతారు. జాకెట్ కనబడ్డాకే గంట ఆపుతారు. పైన ఉన్నవాళ్లకి గంట వినబడకపోతే ఉన్నచోటే కూర్చోవాలి, ఒక్క అడుగు వెయ్యకూడదు. ఒక పక్కంతా లోయ మరి.

జిప్పు గొడవ అయ్యాక ఆమె రాకపోకలు పెరిగాయి.

"టైలరూ, బొత్తాం ఊడింది."

"నీ జాకెట్‌కి బొత్తాలే లేవు."

"అయితే అదే నా కంప్లయింట్. ఎందుకు లేవు?"

ఇలా ఉండేది వరస. నాకు స్టూలెక్కితే కళ్లు తిరుగుతాయి. షాపులో బల్బు మార్చాలన్నా ఆమే రావాలి. ఆమె స్టూలెక్కి బల్బు తిప్పుతుంటే, నేను కింద స్టూలు పట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. "పడితే నేను పడతాను, నీకెందుకు భయం?" అనేది. అందుకే భయం అని చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు.

చలి ముదిరాక, ఆమెకి చెప్పకుండా ఆ జాకెట్‌కి లోపల ఇంకో పొర కుట్టాను. గుడ్డ ఎక్కడిదంటే, నా దుప్పటిదే. మిగిలిన సగం దుప్పట్లో నేను ముడుచుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె జాకెట్ తీసుకోవడానికి వచ్చింది.

"ఏంటిది, బరువు పెరిగింది?"

"నువ్వు చిక్కావేమో."

నవ్వింది గానీ వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి గ్లవ్స్ వేసుకుంటూ, తీస్తూ, మళ్లీ వేసుకుంటూ ఉంది.

"ఒక్కసారి నాతో మలుపుదాకా రా. అక్కణ్ణుంచి చూస్తే నీ షాపు అగ్గిపెట్టెలా ఉంటుంది."

"లోపల్నుంచి చూసినా అలాగే ఉంటుంది."

"నవ్వించకు. నిజంగా అడుగుతున్నాను. మా నాన్నతో నీ సంగతి మాట్లాడాలి. నేను బతికే చోటు ఒక్కసారైనా చూడనివాడి గురించి ఏమని చెప్పను? నువ్వు మలుపుకి వచ్చిన రోజు చెప్తాను."

మలుపు అనగానే నా అరికాళ్లకి చెమట పట్టింది. వస్తానని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? కానీ భయంలో ఉన్నవాడికి నోట్లోంచి వెటకారమే ముందు వస్తుంది.

"అయితే ఈ జన్మకి టైలర్‌గానే ఉండిపోతాలే," అన్నాను.

ఆమె నవ్వలేదు. "సరే, టైలర్ గారూ," అని జట్టు వెనక వెళ్లిపోయింది. అన్నాళ్ల తర్వాత ఆ 'గారూ' ఏంటి? రోజంతా అదే చెవుల్లో గింగురుమంది. రెండుసార్లు ఎడమ చెయ్యి ఉండాల్సిన చోట కుడి చెయ్యి కుట్టేశాను, జాకెట్లకేలెండి.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మంచు దిగింది. ముందు కొండ పోయింది, తర్వాత దారి పోయింది, ఆ తర్వాత లాడ్జి గేటు కూడా పోయింది. పెద్దాయన గంట అందుకున్నాడు. నేను షాపు వదిలేసి టెలిస్కోపు దగ్గర చేరాను. తెల్లటి మంచు తప్ప ఏం కనబడదు, అయినా కన్ను తియ్యబుద్ధి కాలేదు.

కాసేపటికి బాబాయ్ జట్టుని తీసుకుని దిగాడు.

"వెనక ముగ్గురున్నారు. బ్యాంకాయన, వాళ్లావిడ, ఆ ఫోటోగ్రాఫర్. మన తోక వాళ్లతోనే ఉంది, భయం లేదు," అన్నాడు.

భయం లేదు అని ఎవరైనా అంటే నాకు అప్పుడే మొదలవుతుంది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకునే వీలుంటే, పళ్లతో పట్టుకునైనా లాక్కునేవాణ్ణి.

అప్పుడు మంచు ఒక్క క్షణం పలచబడింది. మలుపు దగ్గర నారింజ మచ్చ. కదులుతోంది. పక్కన ఇంకో మనిషి.

"వచ్చేసింది. సార్, నారింజ జాకెట్ దిగింది," అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పెద్దాయన గంట ఆపి, మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. బాబాయ్ తన జట్టుని వ్యాన్‌లో ఎక్కించుకుని కింద పట్నానికి వెళ్లిపోయాడు. నేను టీ పెట్టాను. ఆమె రాగానే ఏమనాలో మనసులో నాలుగు రకాలుగా అనుకున్నాను. 'మలుపుకి వస్తాను' అన్నదొక్కటే బావున్నట్టు తోచింది.

తలుపు తోసుకుని బ్యాంకాయన వచ్చాడు. ఆయన భుజం మీద వాలి వాళ్లావిడ. ఆవిడ ఒంటి మీద నారింజ జాకెట్.

టీ గ్లాసు పక్కన పెట్టి, వాళ్ల వెనక తలుపు బయటికి తొంగిచూశాను.

"మా అమ్మాయేదయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఫోటోల కుర్రాడు వెనకబడిపోయాడండీ. వాడి కోసం మళ్లీ పైకెళ్లింది. ఈవిడ వణికిపోతుంటే జాకెట్ విప్పి తొడిగింది. గంట వినబడుతోందిగా, ఆ చప్పుడు పట్టుకుని దిగండి, నేనూ అలాగే వస్తాను అంది." బ్యాంకాయన చుట్టూ చూశాడు. "అవునూ, గంట ఎందుకాపేశారు? చివర్లో కొండ తడుముకుంటూ దిగాం."

ఆపించింది నేను. రంగు చూశానే గానీ మనిషిని చూడలేదు.

పెద్దాయన ఒక్క ఉదుటున లేచి గంట అందుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టి ఆగి, గాలికి చెంప చూపించాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"గాలి తిరిగింది. చప్పుడంతా లోయలోకే పోతోంది. మలుపు అవతలికి వినబడదు." కర్ర కోసం చూశాడు. "నేను వెళ్తాను."

"ఆ మోకాలితోనా?"

"మరి ఎవరున్నారిక్కడ?"

నిజమే. బాబాయ్ వెళ్లిపోయాడు, బ్యాంకాయన నిలబడలేకపోతున్నాడు. మిగిలింది స్టూలెక్కలేని నేను.

"మీరు గంట ఆపకండి సార్," అన్నాను. వంటగదిలోకి పరిగెత్తి, చేతికందిన స్టీలు కంచం, గరిటె తీసుకున్నాను. బ్యాంకాయన భార్య ఏమీ అడక్కుండానే జాకెట్ విప్పి నా భుజాన వేసింది. పెద్దాయన నన్ను ఆపలేదు. "కొండ పక్కనే నడు. కాలు ఆనాకే బరువు వెయ్యి," అన్నాడు అంతే.

ఆ దారి ఎలా ఎక్కానో నన్నడక్కండి. కుడి భుజం కొండకి రాసుకుంటూ, కంచం మీద గరిటెతో కొట్టుకుంటూ నడిచాను. మంచు పుణ్యమా అని లోయ కనబడలేదు. కనబడి ఉంటే నన్ను దింపడానికి ఇంకో జట్టు రావాల్సి వచ్చేది. కంచం మోగుతూనే ఉంది. నా భయమల్లా ఒక్కటే. గంట ఆగాక ఆమె కూర్చుందా, నడిచిందా? కూర్చుంటే జాకెట్ లేకుండా ఎంతసేపు? నడిస్తే... ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా కొట్టాను. పేరు పెట్టి పిలిచాను, తోకా అని కూడా పిలిచాను. తిట్టడానికైనా పలుకుతుందని ఆశ.

పెద్ద బండ ఒకటి అడ్డొచ్చింది. దాన్ని ఆనుకుని, ఇక అడుగు పడక, కొడుతూ నిలబడ్డాను. చేతులు తిమ్మిరెక్కాయి. గాలి తప్ప జవాబు లేదు.

"ఆపవయ్యా బాబూ, చెవులు పోతున్నాయి."

మంచులోంచి ముందు ఆమె వచ్చింది, వెనక ఆమె బెల్టు పట్టుకుని ఫోటోగ్రాఫర్. వాడి బ్యాగు మీద కప్పే ప్లాస్టిక్ కవరు ఆమె భుజాల మీద ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నేను కంచం వదలకుండానే రెండో చేత్తో ఆమెని పట్టుకున్నాను. ఏడుస్తున్నానని ఆమె చెప్తేనే తెలిసింది.

"గంట ఆగగానే కూర్చుండిపోయాం," అంది పళ్లు కొట్టుకుంటుంటే. "తర్వాత ఈ చప్పుడు. మా నాన్న కొడితే తాళంలో ఉంటుంది. ఇది కుట్టుమిషన్ తొక్కినట్టుంది. నువ్వేనని తెలిసి, ముందు నమ్మలేదు."

"జాకెట్ ఎందుకిచ్చావు? అది నీకోసం కుట్టాను. నా దుప్పటి కోసి మరీ."

"తెలుసు. తొడుక్కోగానే లోపల నీ దుప్పటి రంగు కనబడింది. అంత వెచ్చగా ఉంది కాబట్టే ఆవిడకిచ్చాను. లేకపోతే ఇచ్చి ఏం లాభం?"

జాకెట్ తొడిగి, జిప్పు మెడదాకా లాగాను. అక్కడ టక్కుమని ఆగింది.

"ఇరుక్కుందా?"

"ఇరుక్కుంది."

"ఉండనీ," అంది. "ఇంతకీ ఎక్కడున్నావో తెలుసా?"

"తెలీదు. చెప్పకు."

"మలుపు."

నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఆమె నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది. కింద గంట మోగుతూనే ఉంది. దిగినంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాను, ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

లాడ్జి గుమ్మంలో పెద్దాయన కూతుర్ని తల నుంచి కాళ్లదాకా తడిమి చూశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి, కండువాతో ముఖం తుడుచుకుని లోపలికెళ్లాడు. అందరం పొయ్యి చుట్టూ చేరాక, ఆమె గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఇతను మలుపుదాకా వచ్చాడు."

"విన్నాను," అన్నాడు పెద్దాయన. నేను తల దించుకున్నాను. గంట ఆపించినందుకు తిడతాడనుకున్నాను, తిడితే పడదామనే ఉంది. ఆయన నా ఒళ్లోంచి కంచం తీసుకుని, పొయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని నిండా సొట్టలు.

"దీన్లో ఇక బయటివాళ్లెవరికీ అన్నం పెట్టలేం," అన్నాడు. "రోజూ నువ్వే వచ్చి తిను."

ఆమె గబుక్కున జాకెట్ కాలర్లోకి ముఖం దాచుకుంది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. జిప్పు ఇరుక్కుందంది.