డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు

చెల్లెలు పెట్టె సర్దుకుంటోంది. రెండు విగ్గులు, వెండి అంచు గౌను, లిప్‌స్టిక్ గొట్టంలో ఇమిడిన కెమెరా. అన్నిటికీ అడుగున అమ్మ పాత శాలువా.

"ముఠావాళ్ళు సోదా చేస్తే ఇదెందుకంటారు?" అన్నాడు అన్న.

"చలి అంటాను. గూఢచారులకి చలి వెయ్యదా ఏం?"

ఆ పరాయి ముఠా దృష్టిలో ఆమె 'కోయిల'. హోటల్లో పాడుతూ తమకి రహస్యాలు మోసే అందగత్తె. నిజానికి ఆమె మోసేది అక్కణ్ణుంచి ఇక్కడికి. ఆ సంగతి తెలిసింది గూఢచారి శాఖ చీఫ్‌కీ, అదే శాఖలో ఏజెంట్ పిచ్చుకగా పనిచేసే అన్నకీ మాత్రమే.

ఇంటి సెడాన్‌లోనే స్టేషన్‌కి బయల్దేరారు. ఎక్కగానే ఆమె అలవాటుగా డాష్‌బోర్డు మీది ఎర్ర లైటును వేలితో తట్టింది. "ఏమోయ్, ఉన్నావా?"

ఉంది. బ్రేకులో లోపముంటేనో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటేనో వెలగాల్సిన లైటు అది. లివర్ కింది స్విచ్ ఇరుక్కుపోయి, ఏడాదిగా ఆరడమే లేదు. హ్యాండ్‌బ్రేకు కేబుల్ కూడా సాగిపోయింది. రెండు చేతులా లాగితే గానీ పట్టదు.

"బాగు చేయించు అన్నయ్యా. శత్రువులు దేనికి, ఈ బండి చాలు నీకు!"

"అది ఆరిన రోజు భయపడతాలే."

స్టేషన్ దగ్గర దిగి, "వెళ్తున్నా" అంది.

"వెళ్ళొస్తానను."

"వెళ్ళొస్తానులే, ముసలమ్మా!"

ఆ తర్వాత ఆమె నుంచి కబురు లేదు.

గురువారం పొద్దున చీఫ్ పిలిచాడు. "పార్సెల్ ఓడరేవుకి చేరాలి." పార్సెల్ అంటే ముఠా చంపాలని చూస్తున్న ముసలి శాస్త్రవేత్త. "కాన్వాయ్ పెడితే అందరి కళ్ళూ పడతాయి. నీ డొక్కు కారే మేలు."

"ముఠాకి తెలిస్తే?"

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎవరు వేస్తారోయ్!"

పిచ్చుక మీసం అంటించుకున్నాడు. శాస్త్రవేత్తకి మామగారి వేషం వేశాడు. ఊరు దాటారు. కొండ దిగువకి రోడ్డు వాలింది. చెల్లెలు గుర్తొచ్చి, అతని వేలు దానంతటదే డాష్‌బోర్డును తట్టింది.

ఉన్నావా?

లేదు.

ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు? పొద్దుట్నుంచీ అతనూ చూడలేదు.

తను బాగు చేయించలేదు. అయితే ఎవరో బండిని ముట్టుకున్నారు! బ్రేకు పెడల్ తొక్కాడు. కాలు నేలకి తగిలింది.

"మామగారూ, ఆ లివర్! రెండు చేతులా లాగండి!"

"ఇది రావట్లేదు బాబూ!"

"లాగండి!"

గేరు దించి, కారును కొండరాయికి ఒరిపించాడు. నిప్పురవ్వలు లేచాయి. మలుపు అంచున, ముందు చక్రం గులకరాళ్ళ మీద ఉండగా, బండి ఆగింది.

మలుపు పక్కన లారీలో కాచుకున్న ముఠా మనిషిని పిచ్చుక గొడుగు తుపాకీతో పట్టుకున్నాడు. సంకెళ్ళు పడ్డా వాడి నోరు ఆగలేదు.

"బ్రేక్ ఆయిల్ పైపుకి గాటు పెట్టింది నేనే. లైటు తీగ పీకమన్నది మాత్రం మా కోయిల. ఆయిల్ తగ్గితే లైటు వెలిగి డ్రైవరు కనిపెట్టేస్తాడట. ఎంత బుర్రో! బాస్ చప్పట్లు కొట్టాడు."

ఆ లైటు ఆర్పితేనే అన్న భయపడతాడని ఈ లోకంలో తెలిసింది ఒక్కరికే.

"మేం బతికామని మీ బాస్‌కి తెలుసా?"

"ఇందాకే రేడియోలో చెప్పేశాగా. బండి ఆగిపోయిందని."

చీఫ్ మనుషులు హోటల్‌కి పరుగెత్తేసరికి గది ఖాళీ. కుర్చీ మీద శాలువా ఉంది.

శాస్త్రవేత్త ఓడెక్కాడు. బ్రేకులు కొత్తవి వేయించాక పిచ్చుక లైటు తీగ తనే కలుపుకున్నాడు. ఎర్ర లైటు మళ్ళీ వెలిగింది.

"స్విచ్ కూడా మార్చేస్తాను సార్, చిన్న పని," అన్నాడు మెకానిక్.

"వద్దులే నాయనా. అది ఆరితే నాకు భయం."

ఇప్పటికీ కారెక్కగానే దాన్ని తట్టి చూస్తాడు.

వెళ్ళొస్తానన్న చెల్లెలు తిరిగి రాలేదు. ఆమెను చివరిసారిగా చూసింది హోటల్ కాపలావాడు, ఆ గురువారం మధ్యాహ్నం, ముఠా కారు వెనకసీట్లో.