జంట తప్పిన ర్యామ్

పెద్దాయన తుపాకీని బల్ల మీద పెట్టి ఒక్క వేలితో ముందుకు తోశాడు.

“సాయంత్రం ఆరు గంటల రైలు. అది కదిలేలోపు నెమలిని కాల్చెయ్యాలి.”

వడ్రంగిపిట్ట తుపాకీ వంక చూడలేదు. కిటికీ వంక చూశాడు. సంస్థలో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. చేతికేది చిక్కినా వేలితో కొట్టి చూసి, లోపల డొల్లో గట్టో తేల్చుకునేదాకా వదలడు. ఇప్పుడు అతని వేళ్లు కుర్చీ చేతిని కొడుతున్నాయి, చప్పుడు రాకుండా.

“ఎందుకు?”

“అమ్ముడుపోయింది.”

“ఆ పని నాకే ఎందుకు?”

“నిన్ను చూస్తే పారిపోదు కనక.”

నెమలి డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాను ఈ ఊళ్లో నడిపేవాడు గ్లవ్స్. ఎండైనా వానైనా తెల్ల చేతిజోళ్లు తియ్యడు కాబట్టి ఆ పేరు. వాడి దగ్గర సెక్రటరీగా చేరి ఆమె నాలుగేళ్లుగా ముఠా గుట్లన్నీ సంస్థకు చేరవేస్తోంది. పార్టీల్లో వాడి పక్కన ఆమె నడిచొస్తుంటే, పళ్లేలు పట్టుకున్న వెయిటర్లు ఎవరికి ఇవ్వాలో మరిచిపోతారని చెప్పుకునేవాళ్లు. అంతకుముందు ఆమె వడ్రంగిపిట్ట భార్య. ఇప్పటికీ భార్యే. కాకపోతే సంస్థకొక నియమం ఉంది. ఏదీ మొత్తంగా ఒకచోట ఉండకూడదు. రహస్యమైతే రెండు ముక్కలు. తాళంచెవులైతే ఇద్దరి దగ్గర. మొగుడూ పెళ్లాలైతే రెండు ఇళ్లు. నాలుగేళ్లలో అతను ఆమెను చూసింది ఫొటోల్లోనే.

“రుజువు?” అన్నాడు.

“పోయిన వారం ఆమె పంపిన ముఠా సంకేతాన్ని మన కంప్యూటర్ మిషన్ విప్పింది. గోడౌన్ నంబరు ఇచ్చింది. మనవాళ్లు వెళితే అక్కడ ఉల్లిపాయలు. వీళ్లు ఆ బస్తాలు దులుపుతుండగా పక్క వీధి గోడౌన్‌లోంచి మందుగుండు దర్జాగా వెళ్లిపోయింది. ఇవాళ ఇంకో సంకేతం. స్టేషన్ లాకర్ల గదిలో బాంబు ఉందట. ఆరింటి రైలు కదిలాక పేలుతుంది. లాకర్ నంబరు మొదటిసారి నూట అరవై మూడని వచ్చింది. దొంగచాటుగా తెరిస్తే దుప్పటి. రెండోసారి నూట నలభై ఏడు. అందులో ఎవరివో కట్టుడు పళ్లు.”

“మిగతా లాకర్లు?”

“నాలుగు వందలు. గదికి గ్లవ్స్ మనుషుల కాపలా. ఇంకొకటి తప్పు తెరిస్తే అనుమానం వస్తుంది. జనాన్ని కదిలించినా అంతే. వాడి జేబులో రిమోట్ ఉంది, నొక్కేస్తాడు.”

“మిషన్ చెడిందేమో.”

“పోయిన వారం సమాచారం ఇవ్వడానికి తనే మిషన్ ఉన్న చోటికొచ్చింది. మిషన్ పక్కన కూర్చుని కాఫీ తాగి వెళ్లింది. ఆరోజు నుంచే దానికీ రోగం. అబద్ధం పంపిందంటావా, మిషన్ని చెడగొట్టిందంటావా? ఎటు తిప్పినా ఆమే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వడ్రంగిపిట్ట ఆ ఇరుకులోనే ఒక అడుగు వేశాడు.

“మిషన్ని ఒకసారి చూస్తాను.”

“మొగుడుగా అడుగుతున్నావా?”

“మెకానిక్‌గా.”

పెద్దాయన చేతిగడియారం చూసుకున్నాడు. “అప్పటిదాకా మిషన్ నీది. ఆరింటికి మాత్రం మనిషి నాది.”

వడ్రంగిపిట్ట అప్పుడు తుపాకీ తీసి జేబులో పెట్టుకున్నాడు. అది అతను అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

*

కళ్లజోళ్ల షాపులోకి ఏసీ మెకానిక్ ఒకడు భుజాన సంచితో దిగాడు. గల్లా దగ్గర కూర్చున్న పిల్ల తన సోడాబుడ్డి అద్దాల్లోంచి అతన్ని ఎగాదిగా చూసింది.

“దూరం చూపా, దగ్గర చూపా?”

“రెండూ పోయాయి.”

కోడ్ సరిపోయింది. అద్దాల బీరువా పక్కకు జరిగింది. సోడాబుడ్డి అనేదే ఆ పిల్ల సంకేతనామం కూడా. మిషన్ని నడిపేది ఆమే.

“అన్నయ్యా, నేను చూడని చోటు లేదు,” అంది లోపలికి నడుస్తూ. “వైరస్ లేదు. వేడెక్కట్లేదు. ఒక్కోసారి నీలం తెర వేసుకుని చచ్చిపోతుంది. చావకపోతే పిచ్చి జవాబిస్తుంది. వదినగారే ఏదో చేసుంటారని పెద్దాయన...”

“మీ వదిన స్క్రూడ్రైవర్‌ని ఏ చివర పట్టుకోవాలో తెలియని మనిషి. జవాబులు తియ్యి.”

సోడాబుడ్డి రెండు జవాబులూ తెర మీద పక్కపక్కన పెట్టింది. ఒకే సంకేతం, ఒకే ప్రోగ్రాం, రెండు జవాబులు. మాటల్లోనూ అక్కడక్కడ ఒక అక్షరం చెడి ఉంది. ఒకదానిలో చెడిన చోట రెండోదానిలో బాగుంది.

“చూశావా? మనిషి అబద్ధం పంపితే ప్రతిసారీ అదే అబద్ధం రావాలి. ఇది మధ్యలో చెడుతోంది. అక్షరం చెడితే మనం సర్దుకుని చదువుతాం. అంకె చెడితే చెడినట్టే తెలియదు.” అతను తెర మీద వేలితో కొట్టాడు. “మోస్తున్నవాడి చేతులు వణుకుతున్నాయి. మెమరీ ఎప్పుడు వేశారు?”

“పోయిన వారమే. పాతది చాలట్లేదని కొత్త ర్యామ్ వేశాం. వదినగారు వచ్చిన రోజే.”

“ఏ స్పీడు?”

“స్టిక్ మీద రాసిందే. ఆరు వేలు.”

మెమరీ టెస్ట్ పెట్టారు. నిమిషం గడవకముందే తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు. స్పీడును కంపెనీవాళ్లు మామూలుగా పెట్టే నాలుగు వేల ఎనిమిది వందలకు దించారు. ఒక్క గీతా లేదు.

“ఇలాగే నడిపేద్దాం అన్నయ్యా.”

“జవాబు ఎప్పుడొస్తుంది?”

సోడాబుడ్డి లెక్క వేసింది. “రైలు వెళ్లిపోయాక.”

మళ్లీ ఆరు వేలకు పెంచారు. వోల్టేజీ కాస్త ఎక్కించారు. గీతలు తగ్గాయి గాని పోలేదు. స్టిక్కులు ఊడదీసి, ఇత్తడి రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, టక్కుమనేలా బిగించారు. అవే గీతలు. స్లాట్లు మార్చారు. అవే గీతలు. గోడ గడియారం మాత్రం ఏ లోపమూ లేకుండా నడుస్తోంది.

వడ్రంగిపిట్ట నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుని ఒక స్టిక్ పీకేశాడు. మొదటిదాన్ని ఒంటరిగా ఆరు వేల మీద పరుగెత్తించాడు. నిష్కళంకం. దాన్ని తీసి రెండోదాన్ని ఒంటరిగా పెట్టాడు. అదీ నిష్కళంకం. రెండూ కలిపాడు. ఎర్ర గీతలు.

“విడివిడిగా బంగారాలు,” అంది సోడాబుడ్డి నీరసంగా. “కలిపితే తోడికోడళ్లు.”

“ఒక్కదానితో ప్రోగ్రాం నడవదా?”

“పట్టదు అన్నయ్యా. రెండూ ఉండాల్సిందే.”

అతను రెండు స్టిక్కులనూ దీపం కిందికి తెచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే స్పీడు. లేబుల్ అడుగున చీమ తలంత అక్షరాల్లో ఉన్న తయారీ నెల మాత్రం వేరు. సోడాబుడ్డి అద్దాలు తీసుకుని పెట్టుకుని మళ్లీ చూశాడు. వేరే.

“ఇవి జంటగా అమ్మేవి. ఫ్యాక్టరీలో రెంటినీ కలిపి పరీక్షించి ఒకే ప్యాకెట్‌లో పెడతారు. ఆరు వేలని వాళ్లు మాట ఇచ్చేది ఆ జంటకే. ఇవి జంట కాదు. ఎవరిచ్చారు?”

*

స్టోర్ బాబాయి మేడ మీద గదిలో పాత టెలిఫోన్ల మధ్య కూర్చుని ఉన్నాడు. రెండు స్టిక్కులు చూడగానే ఆయన ముఖంలో ఇంత గర్వం.

“నేనే ఇచ్చాను నాయనా. రెండు ప్యాకెట్లొచ్చాయి, మనకొకటి, అవతలి ఊళ్లో ఇంటికొకటి. ఏదీ మొత్తంగా ఒకచోట ఉండకూడదు కదా. రెండు ప్యాకెట్లూ విప్పి, దీన్లో ఒకటి దాన్లో ఒకటి చొప్పున పంచేశాను. శత్రువులు ఒక ఇంటి మీద పడ్డా జంట వాళ్ల చేతికి దొరకదు.”

“జంట మన చేతికీ దొరకలేదు బాబాయ్. అవతలి ఇంట్లో మిషన్ ఎలా ఉంది?”

“అదీ వారం నుంచి మూలుగుతోందట. ఎందుకంటావ్?”

వడ్రంగిపిట్టకు అరవాలనిపించింది, నవ్వాలనిపించింది. ముప్పై ఏళ్లుగా కనబడిన ప్రతి జంటనూ విడదీయడమే ఉద్యోగంగా చేసిన ముసలాయన మీద కోప్పడి ఏం లాభం. ఆ నియమం రాసింది ఈయన కాదు. దాని కింద సంతకం పెట్టి భార్యను సాగనంపినవాడు తనే.

“ఈ మాట పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

అసలు జంట రావాలంటే అవతలి ఊరు ఒక రాత్రి ప్రయాణం. అతను మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు.

“అమ్మాయ్, స్పీడు ఒక మెట్టు దించు. ఐదు వేల ఆరు వందలు. ఎక్కించిన వోల్టేజీ అలాగే ఉంచు.”

టెస్ట్ పెట్టారు. ఇద్దరూ తెరనే చూశారు. ఒక చుట్టు. రెండో చుట్టు. ఎర్రది ఏదీ రాలేదు.

“ఆరింటికి అందుకుంటుందా?”

“అందుకుంటే అందుకుంటుంది,” అంది సోడాబుడ్డి. ఆమె వేళ్లు అప్పటికే సంకేతాన్ని లోపలికి పంపుతున్నాయి.

*

స్టేషన్‌లో పోర్టర్ ఒకడు పెద్ద పెట్టెను నెత్తికెత్తుకున్నాడు. చెవిలో చిన్న ఇయర్‌పీస్, చొక్కా కింద తుపాకీ, జేబులో పిడి లోపల మత్తు సూది దాచిన స్క్రూడ్రైవర్.

“ఇదిగో, నిన్నే. నెమ్మదిగా మొయ్యి. అందులో గాజుసామాను ఉంది.”

ఆ గొంతు వినగానే అతని మెడ పట్టు తప్పింది. పెట్టె ఒరిగింది. నల్ల కళ్లజోడు, ముదురాకుపచ్చ కోటు, చేతిలో గొడుగు. నాలుగేళ్లలో ఆమె చిక్కిపోయింది. ఫొటోలు ఆ సంగతి చెప్పలేదు. నాలుగడుగులు ముందు గ్లవ్స్ కుడిచేయి జేబులో పెట్టుకుని నడుస్తున్నాడు.

“అమ్మగారు గొడుగు తెచ్చారే,” అన్నాడు పోర్టర్.

“వాన వెలిసినా నీళ్లు ఆగలేదుగా.” కోడ్ చెప్పేసి, పెదవి కదలకుండా అంది, “నన్ను చంపమన్నారా?”

“ఊఁ.”

“ఎప్పుడు?”

“ఆరింటికి.”

“అయితే ఇంకా టైముంది. పెట్టె సరిగ్గా పట్టుకో. పెళ్లైనప్పట్నుంచి మిమ్మల్ని ఒక్కసారి నువ్వు అనాలని ఉండేది. ఇవాళ్టికి తీరింది.”

అతను పెట్టె సర్దుకున్నాడు. “సంకేతంలో ఏముందో నీకు తెలుసా?”

“ఎలా వచ్చిందో అలా పంపాను. విప్పే తాళం నా దగ్గర లేదుగా. తప్పు వెళ్లిందా?”

“నీ వల్ల కాదు. లాకర్ల గదిలోకి వెళ్లే పని ఏదన్నా చెప్పు.”

ఆమె తన చేతిసంచి తీసి అతని మీదికి విసిరినట్టు ఇచ్చింది. “ఇది లాకర్లో పెట్టి చీటీ పట్టుకురా.”

గ్లవ్స్ వెనక్కి తిరిగాడు. “లాకర్ దేనికి?”

“తిరిగొచ్చాక తీసుకుంటాను. మోయలేను.”

వాడి పెదవి ఒక పక్కకు సాగింది. “సరే. ఖరీదైనవేం లేవుగా?”

“మీరు కొనిపెట్టినవేగా. ఖరీదైనవి ఎందుకుంటాయి.”

పోర్టర్ లాకర్ల గదిలోకి నడిచాడు. గుమ్మంలో కాపలా ఉన్న ముఠా మనిషి చేతిసంచిని గుర్తుపట్టి పక్కకు తప్పుకున్నాడు. ఇనుప తలుపుల వరసలు. ఇవతలి హాల్లో జనం. ఒక తల్లి బిడ్డకు సాక్సు తొడుగుతోంది. ఒక ముసలాయన టికెట్టు ఎక్కడ పెట్టాడో అన్ని జేబులూ వెతుక్కుంటున్నాడు.

“అమ్మాయ్?”

“ఇంకా నడుస్తోంది అన్నయ్యా.”

ప్లాట్‌ఫాం మీద మొదటి గంట కొట్టారు. చెవిలో పెద్దాయన గొంతు వచ్చింది. “బాబాయి చెప్పాడు. విన్నాను. అయినా ఆర్డర్ ఆర్డరే. జవాబు రాకపోతే నీ పని నువ్వు చెయ్యి.”

రెండో గంట.

“వచ్చింది!” సోడాబుడ్డి గొంతు కీచుమంది. “నూట నలభై మూడు!”

“అది మూడో జవాబు,” అన్నాడు పెద్దాయన. “మూడూ వేరు వేరు. ఏ నమ్మకంతో...”

“ఈసారి ఎర్ర గీత లేదు సార్,” అన్నాడు వడ్రంగిపిట్ట.

ఇయర్‌పీస్ పీకేశాడు. నూట నలభై మూడు కింది వరసలో ఉంది. మోకాళ్ల మీద కూలబడి తలుపును వేలితో కొట్టాడు. మిగతావి డొల్లగా మోగుతాయి. ఇది మోగలేదు. వంచిన తీగ తాళంలో తిరగనంది. ఇంజన్ కూత వేసింది. మళ్లీ తిప్పాడు. తెరుచుకుంది. లోపల నూనె గుడ్డ, దాని కింద గడియారం, బ్యాటరీ, రెండు తీగలు. స్టిక్కు ఊడదీసినట్టే, తిన్నగా పట్టి, ఒక్క గుంజుతో బ్యాటరీని పీకేశాడు.

రైలు కదిలింది. బోగీ మెట్టు మీద నిలబడ్డ గ్లవ్స్ జేబులో చెయ్యి బిగించాడు. ఏమీ కాలేదు. మళ్లీ బిగించాడు. బయటికి తీసి చూసుకుంటున్నాడు. పోర్టర్ పరుగున వచ్చి “చీటీ సార్” అంటూ స్క్రూడ్రైవర్ పిడి వాడి పిక్కకు ఆనించాడు. తెల్ల చేతిజోళ్ల మనిషి మెట్టు మీంచి ప్లాట్‌ఫాం మీదికి బస్తాలా జారాడు.

నెమలి తలుపు దగ్గరే ఉంది. చెయ్యి చాస్తే దింపేయొచ్చు. అతను చెయ్యి చాచాడు.

“దింపకండి,” అంది, రైలుతో పాటు అతను నడుస్తుంటే. “పైవాళ్లెవరో ఇంకా తెలియదు. వీడు పట్టుబడ్డాక నన్నొక్కదాన్నే నమ్ముతారు. నమ్మాలంటే నేను చావు తప్పించుకుని వచ్చుండాలి. కాల్చండి.”

“నా వల్ల కాదు.”

“ఆర్డర్ కూడా ఉందిగా మీకు.” ఆమె గొడుగు విప్పి తల పక్కకు పట్టుకుంది. “చెయ్యి వణకనివ్వకండి. అన్నం వేళకు తింటున్నారా?”

“తింటున్నాను.”

“అబద్ధం.”

అతను తుపాకీ తీశాడు. కాస్త ఆలస్యంగా నడిచే స్టేషన్ గడియారం ఆరు కొట్టింది. గొడుగులో చిన్న గుండ్రని చిల్లు పడింది. అది చూసిన ముఠా మనిషి ఒకడు ప్రాణభయంతో పక్క బోగీలోకి దూరాడు. ఆమె చావు తప్పించుకుందనడానికి సాక్ష్యం దొరికింది. ఆఖరి బోగీ మలుపు తిరిగేదాకా ఆ చిల్లులోంచి కాస్త వెలుగు అతనికి కనిపిస్తూనే ఉంది.

*

“ఆరింటికి కాల్చమన్నాను,” అన్నాడు పెద్దాయన మర్నాడు.

“కాల్చాను. గొడుగుకు తగిలింది.”

పెద్దాయన ఆ సంగతి అంతటితో వదిలేశాడు. బల్ల మీద ర్యామ్ ప్యాకెట్ ఉంది. స్టోర్ బాబాయి తెల్లవారుతూనే తెప్పించిన అసలు జంట. మళ్లీ విడదీస్తారేమోనని ప్యాకెట్‌కు తాడు కూడా కట్టాడు. దాని పక్కన పెద్దాయన సంతకంతో కొత్త ఆర్డర్. జంటగా వచ్చినవాటిని ఇకమీదట ఏ కారణం చేతా విడదీయరాదు.

వడ్రంగిపిట్ట ఆ కాగితాన్ని వేలితో కొట్టాడు.

“ఇది అందరికీనా సార్?”

“ర్యామ్‌కే,” అన్నాడు పెద్దాయన. “వాటిని విడదీస్తే పని పాడవుతుంది. మీరిద్దరూ విడివిడిగా బాగానే పనిచేస్తున్నారు.”