బాయిలర్‌కి బదులిచ్చిన సాయంత్రం

అమెరికాలో మా మెయిన్ రాష్ట్రంలో జనవరి వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ చీకట్లో నేనూ నార్మండ్ గారూ, ఆయన చెల్లెలు, పోయినేడు చనిపోయిన సిమోన్ వంటింట్లో కూర్చుని, ఆ ఇంటి ధర దగ్గర వాదులాడుకుంటున్నాం.

ఆ ఇల్లు నాకు కావాలి. మా ఆయన లియో పోయాక లాండ్రీ మీద అద్దె గదిలో ఉంటున్నాను. దాన్నీ అమ్మేశారు, నెలాఖరుకి ఖాళీ చేయాలి. బ్యాంకు ఇస్తానన్న అప్పుకి ఈ ఇల్లు అందడం లేదు. బేరానికి నాకు దొరికింది ఒక్కటే, నేలమాళిగలో ఉండి ఇల్లంతా వెచ్చబెట్టే ముసలి బాయిలర్.

"అది బాయిలరా, తాగుబోతా? జీతమంతా దాని ఆయిల్‌కే పోసి, నేను మంచు తిని బతకాలా?"

"మా నాన్న పెట్టించింది. కాస్త మర్యాద ఇవ్వు, ఒడెట్."

"ఎంతైనా ఇస్తాను, మీరు ధర తగ్గించండి. దాన్ని పీకించి కొత్తది పెట్టించుకోవాల్సింది నేనే కదా!"

ఆయన ముఖం మాడ్చుకున్నారు. "ఇంకా బాగానే కాగుతుంది. పైకెళ్లి పడకగదిలో రేడియేటర్ మీద చెయ్యిపెట్టి చూడు. నేను కిందకెళ్లి నీళ్లు వదిలి వెలిగిస్తాను."

ఆ రకం బాయిలర్‌కి రోజూ చేత్తో నీళ్లు వదలాలి. ఆ ఆవిరి గొట్టాల్లోంచి గదుల్లోని ఇనుప రేడియేటర్లకి ఎక్కుతుంది. మా ఊరి ఇళ్లలో ఒక అలవాటుండేది. నీళ్లు వదిలినవాళ్లు కింద గొట్టం మీద రెండు దెబ్బలు కొడతారు. పైనున్నవాళ్లు విన్నామని రేడియేటర్ మీద ఒకటి కొడతారు. చిన్నప్పుడు అమ్మ కింద, నేను పైన.

పడకగదిలో బల్బు వెలగలేదు. కలరా ఉండల వాసన, తడి ఇనుము వాసన. మంచం ఒక పక్కనే గుంటపడి ఉంది. నా మంచమూ అంతే. రేడియేటర్ మీద చెయ్యి పెడితే జివ్వుమంది.

టక్. టక్.

నాకు నవ్వొచ్చేసింది. ఎన్నాళ్లయింది నన్నెవరైనా అలా పిలిచి! పెళ్లి ఉంగరంతో రేడియేటర్ మీద ఒకటి కొట్టాను.

గొట్టాల్లో ఏదో నిట్టూర్చినట్టయింది. అరచేతిలోకి మెల్లగా వెచ్చదనం పాకింది. హమ్మయ్య అనుకుని కిటికీలోంచి చూశాను... నార్మండ్ గారు బయట మంచులో ఉన్నారు. ట్రక్కులో టార్చి వెతుక్కుంటున్నారు. నేలమాళిగలోకి ఇంకా దిగనేలేదు.

మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు.

"కింద ఎవరున్నారు? ఎవరు కొట్టారు?"

అప్పుడే టార్చితో లోపలికొస్తున్న ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "కొట్టిందా?" అన్నారు గుసగుసగా. "నువ్వు... బదులివ్వలేదు కదా?"

"ఇచ్చాను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఈ బాయిలర్ పీకేద్దామని సిమోన్ అన్నందుకే మా ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఆ చలికాలమంతా సిమోన్ రోజూ కింద నుంచి కొట్టేది. పైనుండి ఒక్కసారి... ఒక్కసారి కూడా నేను పలకలేదు. చివరికి ఇల్లొదిలి పోయాను. ఇప్పటికీ కొడుతోంది, ఒడెట్."

ఆయన కాగితాలు నా ముందుకు తోశారు.

"నువ్వడిగిన ధరకే తీసుకో. ఇంకా తక్కువకైనా సరే. ఇప్పుడే సంతకం పెడతాను."

పారిపోవాల్సింది. కానీ ఎక్కడికని పోను? నాకోసం ఎదురుచూసే గుమ్మం ఒక్కటైనా ఉంటేగా. నేనూ సంతకం పెట్టాను.

నిన్న మనుషులొచ్చి బాయిలర్‌ని ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. గొట్టాలు, రేడియేటర్లు, అన్నీ పోయాయి. నేలలో కన్నాలు మాత్రం మిగిలాయి. గోడలకి కరెంటు హీటర్లు పెట్టించాను. ఈ సాయంత్రం బఠాణీ సూప్ కాచుకుని, ఒక్క గిన్నెలో పోసుకుని, వేలికి వదులైన ఉంగరం తిప్పుకుంటూ వంటింట్లో కూర్చున్నాను.

టక్. టక్.

ఖాళీ నేలమాళిగలోంచే...

నేను కదల్లేదు. పలకను. ఈసారి ఛస్తే పలకను. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకున్నాను.

పైన పడకగదిలోంచి బదులు వినిపించింది. టక్. ఇనుము మీద ఉంగరం చప్పుడు.

ఒళ్లో చేతులు విప్పి చూసుకున్నాను. ఉంగరం ఉండే వేలి మీద తెల్లటి గీత ఒక్కటే ఉంది.