నీళ్లు పోసిన పడవ

చోటే సాహెబ్ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కొట్టంలోకి వెళ్లి, ఒక్క గుక్కయినా తాగకుండానే కేకలు మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గర కూతురు జబీనా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. తను చేసిన పని తండ్రి కంటపడిందని ఆమెకు అర్థమైంది.

కొట్టం నిండా ఒకటే పడవ. జబీనా ముత్తాత చెక్కిన తెరచాప పడవ అది. ఒకప్పుడు బకింగ్‌హాం కాలువ మీద మద్రాసుకి ఉప్పు మోసింది, ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఒడ్డున పడి ఎండింది. వెంకటాచలం కామాక్షయ్య గారు దాన్ని కొని, మళ్లీ తెరచాప ఎత్తించమని చోటే సాహెబ్‌కే అప్పగించారు. శుక్రవారం కాలువలోకి దించాలి. పుచ్చిన పలకలు మార్చడం అయిపోయింది. పలకల సందుల్లో నూనె, గుగ్గిలం పట్టించిన దూది కూరే పని మాత్రం పెద్దాయన ఎవరినీ ముట్టనివ్వడు. అందులోనూ దూది దిగ్గొట్టే కొయ్యసుత్తి ఆడపిల్ల పట్టడమా! డెబ్బై రెండేళ్ల చేతులు వణుకుతున్నాయని ఆయనతో చెప్పే మొనగాడు ఆ ఇంట్లో లేడు.

"ఎవడ్రా నా పని పీకింది?"

కొడుకు నవాజ్ మొహం కడుక్కుంటూనే వచ్చాడు. "నేనేం ముట్టుకోలా."

"కుడి పక్క దూది నేను కూరింది కాదు. నా దెబ్బ నాకు తెలవదా? ఫైబర్ పడవలకు రంగులేసుకునేవాడివి, నా కొయ్య మీద చెయ్యేస్తావా?"

"నీ కొయ్య నువ్వే కావిలించుకో. నేను దాని మొహం చూసి నెలైంది."

"బయటికి పో. శుక్రవారం దాకా ఈ గడప తొక్కొద్దు."

భార్య జైతూన్‌బీ అడ్డం రాబోతే, "నువ్వు గమ్మునుండు మే," అని కసిరాడు.

జబీనాకు ఒళ్లు మండింది. పది మధ్యాహ్నాలు, ఆయన కునుకు తీసే వేళ చూసి, ఆ కుడి పక్క సందులన్నీ పీకి మళ్లీ కూరింది. ఆయన పరువు పోకూడదనే దొంగచాటుగా చేసింది. ఇప్పుడు తిట్లు తమ్ముడు తింటున్నాడు.

"వాణ్ణి అనొద్దు నాయనా. నేనే పీకినా."

చోటే సాహెబ్ నవ్వాడు. మంచి నవ్వు కాదది. "నువ్వా? అట్లు పోసుకునే చేత్తోనా?"

"చిన్నప్పట్నుంచి నీకు దూది పేని ఇచ్చింది ఈ చెయ్యే. నీ చెయ్యి వణకతా ఉండాది. ఒకచోట పిడికెడు కూరినావు, ఒకచోట ఉత్త సందు. ఊరంతా చూస్తా ఉండగా మునిగితే ఎవరి పేరు పోద్ది?"

"నా పేరు తీస్తా ఉండేది నువ్వే. నీళ్లు పోయండి. ఇప్పుడే తేలిపోద్ది."

పడవను కాలువలోకి దించే ముందు, పడవలోకే నీళ్లు పోసి చూడటం ఆ ఇంటి పద్ధతి. ఎక్కడ కారితే అక్కడ తప్పు. కుడి పక్క కూతురిది, ఎడమ పక్క తండ్రిది. నవాజ్ విసురుగా మోటారు వేసి, పైపు పడవలో పడేశాడు. జానెడు నీళ్లు నిలిచేసరికి చోటే సాహెబ్ గొంతుక్కూర్చుని, కుడి పక్క పలకల వెంట అరచెయ్యి రాసుకుంటూ పోయాడు. పొడి. మళ్లీ రాశాడు. పొడే. ఆయన ముఖం ఇంకా బిగుసుకుంది.

అప్పుడు ఎడమ పక్క టప్పున ఒక చుక్క పడింది. వెంటనే ఇంకోటి. కాసేపటికి ఆ పక్క ఇసుకంతా తడిసిపోయింది.

జబీనా గెలిచింది. గెలిచినందుకే ఆమెకు ఏడుపొచ్చింది. ఆ తడి వైపు చూస్తూ తండ్రి తన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"మోటారు కట్టెయ్‌రా," అన్నాడు కొడుకుతో. ఆయన కొయ్యసుత్తిని కాలితో ఆమె వైపు నెట్టబోయి, ఆగి, వంగి చేత్తోనే తీసి ఇచ్చాడు.

"ఎడమ పక్క కూడా పీకు."

"నాయనా..."

"ఏడవొద్దు. నీదీ తప్పే. మరీ బిగించినావు. నానితే కొయ్య ఉబ్బుద్ది, దానికి చోటు పెట్టల్లా. నేను పక్కన కూర్చుంటా, కొట్టు."

గడప దగ్గర నుంచి నవాజ్ అడిగాడు: "నేను ఉండాల్నా, శుక్రవారం దాకా పోవాల్నా?"

"టీ చల్లారింది. వేడి చేయించుకుని రా," అన్నాడు పెద్దాయన, వాడి వైపు చూడకుండా.

జబీనా కళ్లు తుడుచుకుని మొదటి దెబ్బ వేసింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఊఁ," అన్నాడు.