చూస్తున్నా, అయిపోతుంది

ఒక్క నిమిషం ఆగండి, చేతిలో ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి.

ఒక ఆఫీసులో ఒకమ్మాయి. సర్వర్లలో తెరవెనక నడిచే ప్రోగ్రాములు బతికున్నాయో లేదో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. అందుకే అందరూ కాపలా మేడమ్ అంటారు. ప్రతి ప్రోగ్రామూ ఉండుండి "ఉన్నాను" అని కబురు పంపాలి. కబురు ఆగిందా, ఆమె ఫోన్ మోగుతుంది, ఒళ్లు మండుతుంది. ఎందుకంటే చచ్చేది ఎప్పుడూ ఒకడి ప్రోగ్రామే. అతనికి ఆమె పెట్టిన పేరు నిద్రమొహం. చచ్చి లేచిన ప్రోగ్రాము ఒక్కసారి ఉన్నానంటే ఆమె నమ్మదు, రెండోసారీ అనాలి.

మొదటిరోజే గొడవపడ్డారు. ఆ గొడవ ఎప్పుడు టీ అయిందో, టీ ఎప్పుడు వానలో ఒకే గొడుగు అయిందో ఇద్దరికీ తెలీదు. మనసులో మాట మాత్రం ఎవరూ అనలేదు.

ఈలోగా పెద్దమ్మ సంబంధం తెచ్చింది. అబ్బాయివాళ్లను రమ్మనాలా వద్దా, సాయంత్రానికల్లా చెప్పమంది. ఉదయం ఆమె గుండె చిక్కబట్టుకుని అతనికి మెసేజ్ పెట్టింది: "మా పెద్దమ్మ నాకు సంబంధం చూస్తోంది. నువ్వేమంటావ్?"

క్షణంలో జవాబు. "చూస్తున్నా, అయిపోతుంది."

ఏం అయిపోతుంది, నా పెళ్లా? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం అతని ప్రోగ్రాము మళ్లీ చచ్చింది. "ఉన్నావా?" అని పంపి, నాలుగు దులపడానికి అతని సీటు దగ్గరికే వెళ్లింది. అతను బల్ల కింద దూరి రెండు చేతులా వైర్ల చిక్కు విప్పుతున్నాడు. అతని ఫోన్ బల్ల మీదుంది. అయినా ఆమె ఫోన్ టింగుమంది: "చూస్తున్నా, అయిపోతుంది."

"అక్కణ్ణుంచి ఏం చూస్తున్నావు బాబూ?"

తల బల్లకు కొట్టుకుని బయటికొచ్చాడు. నీళ్లు నములుతూ ఒప్పుకున్నాడు. ఆమె తిట్లు పడలేక, ఆమె మెసేజ్ రాగానే ఈ జవాబు కొట్టే బుల్లి ప్రోగ్రామొకటి వదిలాడట. జవాబు వెళ్లిన మెసేజ్‌ను తెరిచి చూడడట.

"సర్వర్లో ప్రోగ్రాములే నయం. చస్తే నోరు మూసుకుంటాయి. నువ్వు లేకపోయినా ఉన్నానంటావ్. పొద్దున ఏం అడిగానో చదువు."

చదివాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె కళ్లముందే ఆ ప్రోగ్రామును ఆపేశాడు, ఆ మెసేజే మళ్లీ మళ్లీ చదువుతూ నిలబడ్డాడు. ఆమె విసుగ్గా తన సీటుకొచ్చి, ఆఖరిసారి అనుకుంటూ "ఉన్నావా?" అని పంపింది.

జవాబు లేదు. బయట వాన మొదలైంది. తెరమీద, అతను టైపు చేస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. జవాబు ఆలస్యమైనందుకు జీవితంలో మొదటిసారి ఆమెకు కోపం రాలేదు.

"ఉన్నా. ఈసారి నేనే. ఆ సంబంధం వద్దని చెప్పు. మీ పెద్దమ్మతో నేను మాట్లాడతా, తిట్టినా పడతా."

ఉన్నానన్నది ఒక్కసారే కదా. ఆమె తల ఎత్తలేదు. ఇంతలో బల్ల ముందు గొడుగుతో ఎవరో నిలబడ్డారు.

"ఉన్నా," అన్నాడు నోటితో.

పెద్దమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "వాళ్లను రావద్దను పెద్దమ్మా. నీతో మాట్లాడటానికి ఒకతను వస్తాడు," అంది ఆమె. అంటూనే రెండో చేత్తో కంప్యూటర్ నుంచి అతనికి ఇంకో "ఉన్నావా?" పంపింది, ఎందుకైనా మంచిదని.

మీరైతే పంపకుండా ఉండేవారా?