పై అంతస్తు లాబ్‌ల ఎవలున్నరు?

కరీంనగర్‌ల మానేరు కట్టకు పోయే తొవ్వల ఓ డిగ్రీ కాలేజీ ఉన్నది. దాని పై అంతస్తుల కంప్యూటర్ లాబ్. పొద్దు మునిగిందంటే ఆ మెట్లు ఎవ్వలు ఎక్కరు.

ఒకలేమో మానేరుల మునిగిన పిలగాడంటరు. ఒకలు కరెంటు కొట్టి పోయిన వాచ్‌మన్ అంటరు. ఎవలని అడిగితే వాళ్లకో శవం… కని ఒక్క ముచ్చట మాత్రం అందరిదీ ఒకటే — చీకటి పడ్డంక కిటికీల నీలం వెలుగు ఊగుతది. లోపల ఎవలో గుసగుసమంటరు.

అందుకే కాలేజీ ఇడువంగనే లాబ్‌కు తాళం.

నవీనది సిరిసిల్ల. వాళ్ల బాపు సాంచాలు నడుపుతడు. రాత్రి పగలు ఆ మరమగ్గాల మోతల పెరిగిన పిల్ల, చప్పుడుకు ఉలికిపడే రకం కాదు. హాస్టల్ల ఉండి డిగ్రీల కంప్యూటర్లు సదువుతున్నది. ఆ ఏడు వెబ్ పేజీలు తయారు చేసుడు నేర్పే సబ్జెక్టు వడ్డది. నేర్పుడంటే ఏముంది — లక్ష్మీరాజం సార్ బోర్డు మీద కోడ్ రాస్తడు, పిల్లలు దించుకుంటరు. లాబ్‌ల నడిచే సిస్టంలే తక్కువ. ఇండ్లల్ల లాప్‌టాపులున్న మొగపిలగాండ్లే ముందుగాల ఉరికి కూసుంటరు. ఆడపిల్లలు ఎనుక నిలవడి చూసుడే!

ప్రాక్టికల్ పరీక్ష దగ్గరికొచ్చింది. బయటి నుంచి వచ్చే సార్ ముంగట పేజీ చేసి చూపియ్యాలె. ఫెయిలైతే సదువు బంద్ అని బాపు ముందే చెప్పిండు. నవీనేమో కీబోర్డు మీద చెయ్యి వెట్టిందే తక్కువ.

ఆ మాపటీలి మొగులు కమ్మింది. తాళం ఉన్నా ఎట్లనన్న లోపలికి వోవాలని నవీన మెట్ల కాడికి వచ్చింది. వరండ ఊడుస్తున్న దేవవ్వ చీపురు అడ్డం వెట్టింది.

“బిడ్డా… పొద్దు మునిగింది. పైకి పోకు.”

“పోతే ఏమైతదవ్వా?”

“ఆ అర్ర మంచిది గాదు…”

“మంచిది గాకుంటే గాకపాయె. ఆ దెయ్యమొచ్చి రాస్తదా నా పరీక్ష?”

చీపురు దాటి ఎక్కింది.

మీద లైట్లు లేవు. మనిషి అలికిడి లేదు. మోతల నిద్రవోయే పిల్లకు ఆ సద్దు లేకపోవుడే గుండెల మీద రాయి పెట్టినట్టయింది. తడుముకుంట లాబ్ తలుపు కాడికి పోయింది. తాళం… ఊడి, గొళ్లానికి ఏలాడుతున్నది.

కిటికీల నీలం వెలుగు — ఊగింది.

లోపల్నుంచి సన్నగ గొంతు…

“మూసెయ్యలే… యాడనో మూసెయ్యలే…”

నవీన ఒక కాలు ఎనుకకు తీసింది… రెండోది తియ్యవోయి, ఆగింది. ఎక్కడ్నుంచి వచ్చిందో కోపం, అరికాలి నుంచి నెత్తికెక్కింది. బతికున్నోళ్లు కూసోనియ్యరు. సచ్చినోళ్లు రానియ్యరు. ఇగ తానెప్పుడు నేర్వాలె?

తలుపు ఫడేల్మని తన్నింది.

“ఎవల్రా అది! లేచి జరుగు… నాకు సిస్టం గావాలె!”

కుర్చీ బోర్ల పడ్డది. “వామ్మో!” అని ఓ కేక.

సెల్‌ఫోన్ లైటు కొట్టి చూస్తే — చెవులల్ల ఇయర్‌ఫోన్లు, మొకం నిండ చెమటలు… లక్ష్మీరాజం సార్!

“సార్… మీరా?”

సార్ తల కిందికేసిండు. గొంతు తగ్గించి చెప్పిండు. “నేను సదివింది లెక్కలు బిడ్డా. గీ సబ్జెక్టు తెచ్చి నా నెత్తిన వెట్టిండ్రు. వీడియోలు చూసుకుంట నేర్సుకుంటున్న. పగటీలి నేర్సుకుంటే పిల్లలు నవ్వరా… ఎవ్వలకు చెప్పకు. ఇజ్జత్ పోతది.”

నవీన స్క్రీన్ దిక్కు చూసింది. పేజీ అంతా తాటికాయలంత అక్షరాలు. అక్షరాలను పెద్దగ జేసే ఒక ట్యాగ్ తెరిచి, మూసుడు మరిచిండు. అదెక్కడో దొరకకనే ఆ గుసగుస. ఇద్దరు కలిసి లైను లైను ఎంకులాడిండ్రు. ఒకసారి తప్పు చోట మూసిండ్రు, పేజీ మొత్తం మాయమైంది. మల్ల తెచ్చిండ్రు. ఆఖరికి దొరికింది. అక్షరాలన్నీ బుద్ధిగ సర్దుకున్నయి. సార్ మొకం చిన్నపిలగాని తీరు ఎలిగింది.

“ఎవ్వలకు చెప్ప సార్,” అన్నది నవీన. “కని దెయ్యం పేరు చెప్పి మా తలుపెందుకు మూసిండ్రు?”

“నేను పుట్టియ్యలే బిడ్డా. నేను రాకముందునుంచే ఉన్నదా మాట. నాకు అక్కరకొచ్చిందని ఊకున్న.”

“ఇగ ఊకోకుండ్రి. రేపటి సంది ఆడపిల్లలం రోజు మాపటీలి వస్తం. మీరు నేర్వుండ్రి, మేమూ నేరుస్తం. నవ్వెటోళ్లుంటే నేను చూసుకుంట.”

సార్ సరే అన్నట్టు తలూపిండు. మెయిన్ స్విచ్ బంద్ జేసిండు, తాళం ఏసిండు. ఇద్దరు మెట్ల దిక్కు మర్లిండ్రు.

టక్…

టక్… టక్ టక్ టక్…

తాళం ఏసిన తలుపు ఎనుక, ఎవలో కీబోర్డు కొడుతున్నరు.

సార్ చేతులకెళ్లి తాళంచెవి జారి పడ్డది. “నవీనా… ఉరుకు…”

నవీన ఉరకలే. ఎనుకకు మర్లిపోయి తలుపు మీద అరచేత్తోని గట్టిగ సరిసింది.

“ఎవలన్న గానీ… నేర్సుకుంటే నేర్సుకో. మేమైతే రేపొస్తం! పోయేటప్పుడు సిస్టం బంద్ జేసి పో!”

చప్పుడు ఆగింది.

సార్ కిందవడ్డ తాళంచెవి తడిమి తీసుకున్నడు.

అంతల లోపల్నుంచి, సిస్టం బంద్ అయ్యేటప్పటి సన్నని పాట ఇనవడ్డది.